గ్వాడల్‌కెనాల్ డోనట్లు, షష్ఠి గారెలు

తింటే గారెలే తినాలి, వింటే భారతమే వినాలి అన్నారు మనవాళ్ళు. మా డ్రాయింగ్ ఆఫీసులో మగవాళ్ళు డోనట్లు తినేవాళ్ళు, రెండో ప్రపంచ యుద్ధం వినేవాళ్ళు.

అమెరికాలో డెట్రాయిట్ దగ్గర, ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్లకు బ్రేకు సామాన్లు తయారుచేసే చిన్న కంపెనీ అది. 1974లో నేను అక్కడ డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. ఇరవై మంది మగవాళ్ళ మధ్య నేనొక్కదాన్నే ఆడదాన్ని. ఇండియా నుంచి వచ్చినదాన్ని కూడా నేనొక్కదాన్నే. మీనాక్షి అనే పేరు పలకలేక మొదటి రోజే మీనా అని కత్తిరించేశారు. పోనీలే, గీత తిన్నగా గీస్తే చాలు, ఎవరి జోలికీ పోనక్కర్లేదనుకున్నాను. నా నోరు అలా ఊరుకునే రకం కాదని మా ఆయన దామోదర్‌కి తెలుసు గానీ ఆ ఆఫీసుకి ఇంకా తెలీదు.

మా గదికి పెద్ద రే డొంబ్రౌస్కీ. ఆరడుగుల మనిషి, యాభై దాటినవాడు. చేరిన రోజున నాకు ఒక్కటే పాఠం చెప్పాడు. "పాత డ్రాయింగ్‌లో ఉన్న గీత కొత్త డ్రాయింగ్‌లో పోకూడదు. అదెందుకుందో నీకు అర్థం కాకపోయినా సరే, దించెయ్. ఎవరో ఏదో కారణానికే గీసి ఉంటారు." ఆ మాట నాకు నచ్చింది. మనిషి నచ్చడానికి చాలా కాలం పట్టింది.

రే కుర్చీ వెనక గోడకు పనిముట్ల కొట్టువాళ్ళిచ్చిన పెద్ద కాలెండర్ ఉండేది. ఏటా డిసెంబర్‌లో రే పాత కాలెండర్ నుంచి కొత్తదానిలోకి ఆ యుద్ధంలో పెద్ద పోరాటాలు మొదలైన తేదీలు కొన్ని ఎర్ర పెన్సిల్‌తో ఎక్కించేవాడు. జనవరి 22 ఆంజియో. ఏప్రిల్ 1 ఒకినావా. జూన్ 4 మిడ్‌వే. ఆగస్ట్ 7 గ్వాడల్‌కెనాల్. డిసెంబర్ 16 బల్జ్. ఆ గదిలో ఎవరైనా ఆ యుద్ధంలో పోరాడి ఉండాలి, లేదా వాళ్ళ రక్తసంబంధీకులు అందులో పోయి ఉండాలి. అప్పుడే ఆ తేదీ గోడకెక్కుతుంది. ఆ రోజు ఆ మనిషి డజను డోనట్లు తేవాలి, పది గంటల కాఫీకి తన కథ చెప్పాలి. పదోసారైనా సరే, మిగిలినవాళ్ళు నోరు మూసుకుని వినాలి. ఎర్ర పెన్సిల్ రే తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు.

గ్వాడల్‌కెనాల్ రేదే. ఇరవయ్యేళ్ళ వయసులో మెరీన్ సైనికుడిగా పసిఫిక్ సముద్రంలోని ఆ దీవిలో దిగాడు. మిడ్‌వేలో వాళ్ళన్న ఓడ మీద బాంబు పడి పోయాడు, ఆ గడిలో అతని పేరు కూడా ఉండేది. బల్జ్ మాత్రం ఎల్మర్‌ది. బక్కపలచటి మనిషి, నా పక్క టేబుల్. బెల్జియం మంచులో రెండు కాలివేళ్ళు పోగొట్టుకున్నాడు. యుద్ధం ఎక్కడ మలుపు తిరిగిందని ఈ ఇద్దరికీ ఏటా తగువే. మిడ్‌వేలో అని రే, స్టాలిన్‌గ్రాడ్‌లో అని ఎల్మర్. "రష్యావాడికి డోనట్ తెచ్చేవాడు ఈ గదిలో లేడు, నోర్ముయ్" అని రే తేల్చేసేవాడు.

1981 ఏప్రిల్ ఒకటిన ఒకినావా డోనట్లు తింటున్నాం. రే వేళ్ళకంటిన పంచదార తుడుచుకుంటూ నావైపు చూశాడు.

"మీవాళ్ళు అదృష్టవంతులు మీనా. ఆ యుద్ధమంతా నిద్రపోయారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మా నాన్న ఆ యుద్ధంలోనే చచ్చిపోయాడు" అన్నాను.

ఏడేళ్ళుగా వాళ్ళ కథలు వింటున్నాను. నా కథ ఒక్కరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"ఎక్కడ?" అన్నాడు రే.

"విశాఖపట్నం. ఓడరేవు. జపాను విమానాలు బాంబులేశాయి. మా నాన్న అక్కడ క్రేన్ డ్రైవరు."

"ఏ తేదీ?"

నేను తడుముకోకుండా చెప్పాను. "ఈ నెల ఇరవై నాలుగు."

నేను చేసిన తప్పల్లా అదే. అయితే అది తప్పని నాకప్పుడు తెలీదు. ఏటా ఉగాది ముందు మా తమ్ముడు జగదీష్ విశాఖ నుంచి ఉత్తరం రాసేవాడు, నాన్న తిథి ఈ ఏడు ఫలానా తేదీన పడిందక్కా అని. నేను ఆ తేదీ కాగితం ముక్క మీద రాసి ఫ్రిజ్‌కి అంటించేదాన్ని. కొడుకు పెట్టేది తద్దినం. కూతురు వండేది గారెలు, అంతే. ఆ ఏడు కాగితం మీద ఉన్నది ఏప్రిల్ 24.

ఆ శుక్రవారం తెల్లారుజామునే లేచి గారెలు వండాను. తద్దినం గారెలు కదా, ఉల్లిపాయ వెయ్యలేదు. మిరియాలు మాత్రం మా అమ్మ వేసినట్టే దండిగా వేశాను. డబ్బా తెరవగానే మగవాళ్ళంతా డోనట్లే అనుకున్నారు. నడుమ చిల్లి ఉంది, రంగు ఉంది, ఇంకేం కావాలి? ఎల్మర్ సగం గారె ఒక్కసారే నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊస్తే నాకు కోపం వస్తుందని మింగేశాడు పాపం. తరవాత కాఫీలో ముంచుకుని ఇంకోటి తిన్నాడు.

నేను కథ చెప్పాను. మా అమ్మ నాకు ఎలా చెప్పిందో అలాగే. అప్పుడు నాకు ఏడేళ్ళు, తమ్ముడికి మూడు. విమానాలొచ్చాయన్న కేక పడగానే రేవంతా ఖాళీ అయింది. మా నాన్న పైన క్రేన్‌లో ఉన్నాడు. కొక్కేనికి వల నిండా బియ్యం బస్తాలు వేలాడుతున్నాయి. దాని కిందే ఓడ గర్భంలో ఆరుగురు కూలీలున్నారు. తప్పించుకోవాలంటే నిచ్చెన దిగి పరుగెత్తాలి.

"బరువు గాల్లో ఉండగా డ్రైవరు దిగకూడదే. అది ఆల పని ధర్మం" అనేది మా అమ్మ. "ఆ వల సల్లగా దించినాడు. ఆ ఆరుగురూ పైకొచ్చి పారిపోయిందాకా సూసినాడు. మరింక తను దిగనేదు."

ఆ ఆరుగురిలో ఒకాయన వచ్చి అమ్మకు చెబితే మాకు తెలిసింది. ఆ సాయంత్రమే ఊరు ఊరంతా మూటలు నెత్తిన పెట్టుకుని పారిపోతోంది, జపానువాళ్ళు ఒడ్డున దిగుతున్నారని పుకారు. అమ్మ మా ఇద్దరినీ తీసుకుని అనకాపల్లి దాకా నడిచింది. అక్కడొక పురోహితుడు పంచాంగం చూసి, చైత్ర బహుళ షష్ఠి అని చెప్పాడు. మా ఇంట్లో నాన్న పోయిన రోజుకి అదే పేరు. ఇంగ్లీషు తేదీ ఎవరూ చెప్పలేదు, ఎవరికీ కావలసి రాలేదు.

ఇదంతా ఆ గదిలో చెప్పలేదు. క్రేన్ వరకే చెప్పాను. రే లేచి ఎర్ర పెన్సిల్ తీసి, ఏప్రిల్ 24 గడిలో విశాఖపట్నం అని రాశాడు. నాకు ఎంత సంతోషమైందంటే, ఇంటికెళ్ళే దారిలో కారులో పాడుకున్నాను. అమెరికా వచ్చాక మా నాన్నకి ఒక చోటు దొరికిందనుకున్నాను.

ఏడాది తిరిగింది. 1982లో తమ్ముడి ఉత్తరం ప్రకారం తిథి ఏప్రిల్ 14న పడింది. బుధవారం. గారెల డబ్బా తెచ్చి రే టేబుల్ మీద పెట్టాను. రే గోడ వైపు చూశాడు. కొత్త కాలెండర్‌లో ఏప్రిల్ 24 గడి ఎర్రగా ఉంది.

"పది రోజులు ముందొచ్చావు."

"ఈ ఏడు ఇవాళే పడింది."

"ఏం పడింది?"

అప్పుడు తెలిసింది నేను ఎక్కడ కాలు పెట్టానో. చంద్రుడు, పౌర్ణమి, బహుళ పక్షం అని చెప్పబోయాను. నా ఇంగ్లీషుకి అది అందలేదు, వాళ్ళ ఓపికకీ అందలేదు. ఎవడో వెనక నుంచి నవ్వాడు. "వాళ్ళ నాన్న ఏటా ఒక తేదీన చస్తాడంట్రోయ్."

రే నవ్వలేదు. అదే ఎక్కువ బాధించింది. "మీనా, మా అన్న జూన్ నాలుగున పోయాడు. జూన్ నాలుగునే పోయాడు. యుద్ధం తేదీ కదలదు. మీ నాన్న పోయిన రోజు నీకు తెలుసా, తెలీదా?"

రే రబ్బరు తీసి ఏప్రిల్ 24 గడి తుడిచేశాడు. ఎల్మర్ నా దగ్గరకొచ్చి మెల్లగా, "నీ చిన్నప్పుడు మీ అమ్మ చెప్పిన కథేమోలే. అమ్మలు చెబుతుంటారు" అన్నాడు. దయగానే అన్నాడు. ఆ దయని తీసి గూబ మీద కొట్టాలనిపించింది.

ఇంటికొచ్చి గారెల డబ్బా గట్టు మీద విసిరేశాను. పద్నాలుగేళ్ళ మా అమ్మాయి ఉషా హోమ్‌వర్క్ వదిలి చూసింది.

"అమ్మా, వాట్ హ్యాపెన్డ్? తాత డే కాదా ఇవాళ?"

"తాత ఏ తేదీన పోయాడో నీకు తెలుసా?"

"నీకు తెలీదా? లైక్, రియల్ డేట్?"

తెలీదు. నలభై ఏడేళ్ళ మనిషిని, ఇంచిలో వెయ్యో వంతు కూడా తేడా రానివ్వకుండా గీసేదాన్ని, మా నాన్న పోయిన తేదీ తెలీదు. ట్రంక్ కాల్ బుక్ చేశాను. మర్నాటికి లైన్ దొరికింది.

"జగదీషూ, నాన్న ఏ తేదీన పోయాడ్రా?"

"సైత్ర బహుళ షష్టి కదక్కా!"

"అది కాదురా, ఇంగ్లీషు తేదీ. బాంబులెప్పుడు పడ్డాయి?"

"నాన్న పోయిన రోజునే కదేటి?" అన్నాడు వాడు, అక్కకి మతిపోయిందేమోనని భయపడుతూ.

ఆ శనివారం ఉషాని తీసుకుని ఆన్ ఆర్బర్‌కి డ్రైవ్ చేశాను. అక్కడి యూనివర్సిటీ లైబ్రరీలో పాత పేపర్లు ఫిల్ము చుట్టల్లో ఉంటాయి. చుట్ట తిప్పే పని ఉషా చేసింది. 1942 మార్చి అంతా చూశాం. సింగపూరు అప్పటికే పోయింది, రంగూను పోయింది. ఏప్రిల్ ఐదున కొలంబో మీద బాంబులు. ఏడో తేదీ పేపర్లో, లోపలి పేజీలో, నాలుగు లైన్ల వార్త. క్రితం రోజు ఇండియా తూర్పు తీరంలో వైజాగపటం, కోకనాడ అనే రెండు రేవుల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. నష్టం స్వల్పం. మృతులు కొద్దిమంది.

"అమ్మా! ఏప్రిల్ సిక్స్!" అని ఉషా అరిచింది. పక్కవాళ్ళు ఉష్ అన్నారు.

నేను తెరమీద వేలు పెట్టి ఆ చివరి మాట చూస్తూ కూర్చున్నాను. కొద్దిమంది. ఆ కొద్దిమందిలో మా నాన్న ఉన్నాడు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. నలభయ్యేళ్ళుగా అమ్మ మాట తప్ప ఇంకో సాక్ష్యం లేని మనిషికి ఒక అచ్చు కాగితం దొరికింది. ఉషా ఊరుకోక ఇంకో పుస్తకం కూడా వెతికి తెచ్చింది. ఆ విమానాలు లేచిన ఓడ పేరు ర్యూజో. అదే ఏడు ఆగస్ట్ 24న అమెరికా విమానాలు దాన్ని ముంచేశాయి. ఎక్కడంటే గ్వాడల్‌కెనాల్ దగ్గర.

ఆ కాగితాలు కాపీ తీయించి సోమవారం రే టేబుల్ మీద పెట్టాను. రే కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. లేచి, ఏప్రిల్ 6 గడిలో ఎర్ర పెన్సిల్‌తో రాశాడు. "జపాన్ దాడి, ఇండియా." క్షమించమని అనలేదు. ఆ మనిషికి అది చేతకాదు.

గెలిచాననే అనుకున్నాను. సీటుకొచ్చి కూర్చున్నాక గానీ తట్టలేదు. మిడ్‌వే గడిలో రే వాళ్ళన్న పేరుంది. ఏప్రిల్ ఆరులో చంపినవాళ్ళ పేరుంది, చచ్చినవాడి పేరు లేదు.

అడుగుదామనుకునేలోపు రోజులు చెడ్డాయి. కార్లు అమ్ముడుపోవడం లేదు. మా గదిలో ఎనిమిది టేబుళ్ళు ఖాళీ అయ్యాయి. రే కొడుకు అసెంబ్లీ లైన్‌లో ఉద్యోగం పోయి, పెళ్ళాంబిడ్డలతో తండ్రి ఇంటి బేస్‌మెంట్‌లోకొచ్చాడు. ఎవర్ని కదిపినా జపాను కార్ల మాటే. జపానువాళ్ళు అప్పుడు ఓడిపోయి ఇప్పుడు గెలుస్తున్నారనేవారు. ఆ జూన్‌లో డెట్రాయిట్ పక్కనే ఒక చైనా కుర్రాణ్ణి, పెళ్ళికి వారం ఉందనగా, బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. జపానువాడనుకున్నారని చెప్పుకున్నారు. దామోదర్ ఆ పేపరు ఉషాకి కనబడకుండా దాచేశాడు.

జూలై చివర్లో రే నా టేబుల్ దగ్గరకొచ్చాడు. ఎప్పుడూ రాడు, పిలుస్తాడు.

"ఆగస్ట్ ఏడు శనివారం పడింది. గ్వాడల్‌కెనాల్‌కి నలభయ్యేళ్ళు. మన రోడ్డు చివర బార్ పార్కింగ్ లాట్‌లో ఒక పాత జపాను కారు పెడుతున్నాం. సమ్మెటతో కొట్టేవాళ్ళు దెబ్బకి డాలర్ ఇవ్వాలి. వచ్చిందంతా ఉద్యోగాలు పోయినవాళ్ళకి. మొదటి దెబ్బ నాది అన్నారు. నీది అన్నాను నేను."

"నాదెందుకు?"

"ఆ లాట్‌లో జపానువాడి బాంబుకి తండ్రిని పోగొట్టుకున్నది నువ్వొక్కదానివే. నీకే హక్కు. మైకులో మీ నాన్న పేరు నేనే చెబుతాను. నేర్పు, ఎలా పలకాలో."

నిజం చెప్పొద్దూ, నాకు ఆశ పుట్టింది. నాలుగు లైన్ల వార్తలో లేని పేరు, కాలెండర్ గడిలో లేని పేరు, రెండొందల మంది వింటారు. నరసింహులు. రే ఐదుసార్లు పలికి నేర్చుకున్నాడు.

ఇంట్లో దామోదర్‌కి చెప్పాను. ఆయన గుంటూరు మనిషి, ఏదైనా ఆచితూచి మాట్లాడతాడు. "ఒక దెబ్బ వేసి వచ్చెయ్ మీనా. తుప్పు కారేగా. రోజులసలే బాలేవు. మనం వాళ్ళవైపు ఉన్నామని నలుగురూ చూడ్డం మంచిది. జాబ్ కూడా సేఫ్."

"మా నాన్నని చూపించి నా ఉద్యోగం నిలబెట్టుకోనా?"

"అలా అన్నానా నేను?"

అలా అనలేదు. అయినా కోపమంతా ఆయన మీదే చూపించాను. ఆయన కంటే ముందు నేనే ఒప్పుకుని వచ్చానన్న సంగతి ఆయనకి చెప్పలేదు మరి.

ఆ శనివారం మేం ముగ్గురం వెళ్ళేసరికి ఎండ మండిపోతోంది. లాట్ నిండా జనం, పిల్లల్ని భుజాలకెత్తుకున్న తండ్రులు, బీరు డబ్బాలు. మధ్యలో ఒక పసుపుపచ్చ కారు, నాలుగు టైర్లలోనూ గాలి లేదు. దాని మీద పెర్ల్ హార్బర్‌ని మరచిపోకండి అని అట్ట పెట్టారు. ఆ కారు చేసినవాడికి పెర్ల్ హార్బర్ నాటికి పళ్ళైనా వచ్చి ఉంటాయో లేదో. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనకే అనుకున్నాను, వీళ్ళకీ ఉంది. అనుకున్నాను గానీ కాళ్ళు ముందుకే పడ్డాయి. రే పాత మెరీన్ టోపీ పెట్టుకుని మైకు దగ్గర నిలబడ్డాడు.

"ఈమె మా మీనా. ఈమె తండ్రి పేరు నరసింహులు. ఏప్రిల్ ఆరు, 1942. జపానువాళ్ళు చంపారు."

తప్పు లేకుండా పలికాడు. జనం హోరుమన్నారు. మా నాన్న పేరు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. మా అమ్మ మొగుడి పేరు పలికేది కాదు, ఇంకెవరికీ ఆ పేరుతో పని లేదు. రే నా చేతికి సమ్మెట ఇచ్చాడు. బరువైనది. రెండు చేతులతో తలపైకి ఎత్తాను. జనం ఒకటి, రెండు అని లెక్కపెడుతున్నారు.

సమ్మెట నెత్తిమీద ఉంది. కింద కారు అద్దంలో నేను కనిపిస్తున్నాను, బొట్టు పెట్టుకుని, పళ్ళు బిగించుకుని. ఆ మొహం నాకు నచ్చలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. మా నాన్న పుండు వీళ్ళ కాకుల కోసం నేనే విప్పి పెట్టాను. నలభయ్యేళ్ళు అమ్మ భద్రంగా దాచిన మనిషిని మొదటి దెబ్బకి అరువిచ్చాను. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే అమ్మ గొంతు వినిపించింది. బరువు గాల్లో ఉండగా...

నేను దించాను. వెయ్యలేదు, దించాను. సల్లగా, రెండు చేతులతో, మోకాళ్ళు వంచి, సమ్మెట తల నేలకు తగిలిన చప్పుడు కూడా రాకుండా తారు మీద పెట్టాను. లెక్క ఆగిపోయింది. రే చేతిలోంచి మైకు తీసుకున్నాను.

"మా నాన్న ఎవర్నీ కొట్టి చావలేదు" అన్నాను. "ఆయన క్రేన్ డ్రైవరు. బాంబులు పడుతుంటే ఆరుగురి తల మీద బరువు వేలాడుతోంది. దాన్ని దించి వాళ్ళని బతికించాడు. అందుకే చచ్చాడు. ఆ బాంబులు మోసిన ఓడ రే దిగిన దీవి దగ్గరే మునిగింది, నలభయ్యేళ్ళ కిందట, ఇదే నెలలో. ఆ లెక్క అప్పుడే తీరిపోయింది. రేకి నేను దణ్ణం పెడతాను. ఈ కారు ఆ ఓడలో లేదు. మీ ఉద్యోగాలు తీసేసిన కాగితాల మీద సంతకాలు పెట్టినవాళ్ళు కూడా ఈ కార్లో లేరు. కొట్టుకుంటే కొట్టుకోండి. మా నాన్న పేరు మీద మాత్రం కొట్టనివ్వను."

ఎవడో ఇంటికి పొమ్మని అరిచాడు. ఒక బీరు డబ్బా నా కాళ్ళ దగ్గర పడింది. రే మొహం ఎర్రగా కందిపోయింది.

"ఇది నా నలభయ్యో ఏడు. నా రోజు పాడుచేశావు."

"నీ రోజు నీదే రే. మా నాన్నని నాకిచ్చెయ్."

దామోదర్ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. జనం మధ్య నుంచి దారి చేసుకుంటూ నడిపించాడు, నన్ను తన వెనక్కి పెట్టుకుని. కారెక్కాక ఉషా నా చేతులు రెండూ తన ఒళ్ళో పెట్టుకుంది. "అమ్మా, ఇంకా షేక్ అవుతున్నాయ్" అంది. వెనక నుంచి అద్దాలు పగిలే చప్పుడు వినిపిస్తూనే ఉంది.

సోమవారం ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. ఉన్నంతసేపూ తలెత్తుకునే ఉంటానని వెళ్ళాను. గదిలో ఎవరూ నావైపు చూడలేదు. కాలెండర్ దగ్గరకెళ్ళి ఏప్రిల్ పేజీ తిరగేశాను. ఆరో తేదీ గడి తెల్లగా ఉంది. రబ్బరు పొట్టు ఇంకా అంటుకునే ఉంది.

రెండోసారి. మా నాన్నని ఈ గదిలో రెండోసారి తుడిచేశారు.

రే టేబుల్ మీద ఎర్ర పెన్సిల్ తీసుకున్నాను. ఎనిమిదేళ్ళలో అతను తప్ప ఎవరూ ముట్టుకోని పెన్సిల్. గదంతా పని ఆపింది. ఏప్రిల్ ఆరు గడిలో తెలుగులో రాశాను, గుండ్రంగా, తీరికగా: కోలా నరసింహులు, క్రేన్ డ్రైవరు. బరువు దించాడు.

"ఏం రాశావది?" అన్నాడు రే.

"కావాలంటే అడుగు, చెబుతాను."

అతను అడగలేదు. పెన్సిల్ అతని ముందు పెట్టి నా సీటుకెళ్ళాను. ఆ తరవాత నాలుగు నెలలు పని మాట తప్ప ఇంకో మాట లేదు మా మధ్య. నన్ను పంపించెయ్యనూ లేదు. డిసెంబర్ 16న ఎల్మర్ బల్జ్ డోనట్లు తెచ్చాడు. నాకొకటి టేబుల్ దగ్గరకే తెచ్చిచ్చి, "అమ్మలు కథలు చెబుతారన్నాను. తప్పు నాది" అన్నాడు. తీసుకున్నాను.

ఆ నెలాఖరున రే కొత్త కాలెండర్ ముందేసుకుని ఎర్ర పెన్సిల్ చెక్కుతుంటే చూశాను. చూడనట్టే నటించాను. పాతది చెత్తబుట్టలో పడితే మా నాన్న కూడా పడతాడు. పడితే మళ్ళీ రాస్తాను, ఏటా రాస్తాను అని మనసులో పళ్ళు నూరుకున్నాను.

1983 జనవరిలో ఆఫీసు తెరిచిన మొదటి రోజు అందరికంటే ముందొచ్చాను. కొత్త కాలెండర్‌లో జనవరి, ఫిబ్రవరి, మార్చి ఎత్తి పట్టుకున్నాను.

ఏప్రిల్ ఆరు గడిలో తెలుగు ఉంది.

నా చేతిరాత కాదు. రాసిన అక్షరాలు కూడా కావు, గీసిన అక్షరాలు. పల్చటి కాగితం పెట్టి, ఒక్కొక్క వంపూ అద్దినట్టు దించాడు. డ్రైవరు కింద నా చెయ్యి జారి వంకరగా పడిన గీత కూడా అలాగే ఉంది. ఒక్క తలకట్టు పోలేదు, ఒక్క సున్నా పోలేదు. వెనక నుంచి అడుగుల చప్పుడైంది.

"పాత డ్రాయింగ్‌లో ఉన్న గీత పోకూడదు" అన్నాడు రే, కోటు మీద మంచు దులుపుకుంటూ. కళ్ళద్దాలు పెట్టుకుని, "ఇప్పుడు చెప్పు. నేనేం గీశాను?"

చెప్పాను. పేరు, పని, ఆఖరి మాట. బరువు దించాడు. రే ఆ గడి వైపే చూస్తూ ఉండిపోయాడు.

నేను చెయ్యి చాచాను. "పెన్సిల్ ఇవ్వు."

"మళ్ళీ ఏంటి?"

"మే మూడు. ఈ ఏడు తిథి ఆ రోజు. తమ్ముణ్ణి ముందే అడిగి రాయించుకున్నాను."

"మీనా, యుద్ధం తేదీ కదలదు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"యుద్ధం కదలదు. మా నాన్న కదులుతాడు. ఈ ఏడు మే మూడు, వచ్చే ఏడు ఇంకోటి. ఏప్రిల్ ఆరున మీ లెక్కకి ఒకసారి, షష్ఠినాడు మా లెక్కకి ఒకసారి. గారెలు రెండుసార్లు తెస్తాను. తింటే తిను, లేకపోతే మానెయ్."

రే నన్ను చూశాడు. గోడని చూశాడు. జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీసి నా అరచేతిలో పెట్టాడు.

"ఆ మిరియాలైనా కొంచెం తగ్గించు" అన్నాడు.

"తగ్గించను" అన్నాను.